పేరున్న కాలేజీ, పేరు లేని గూడెం

మా మొవ్వ మండలానికి పేర్లకు కొదవ లేదు. మొవ్వ అంటే క్షేత్రయ్య, మువ్వగోపాల పదాలు. పక్కనే కూచిపూడి. ఆ ఊరి పేరే నాట్యానికి పేరై దేశదేశాలు తిరిగొచ్చింది. ఇంకాస్త అవతల భట్లపెనుమర్రు, జెండా రూపం గీసిన పింగళి వెంకయ్య గారు పుట్టిన ఊరు. ఈ పేర్లన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, సభల్లో వినపడతాయి. మా గూడేనికి మాత్రం సొంత పేరు లేదు. ఊరి పేరు ముందు చెప్పి చివర 'మాదిగ్గూడెం' అని తగిలిస్తారు. ఉత్తరం వచ్చినా, ఓటరు లిస్టు వచ్చినా అంతే. ఊరికి పేరుంటుంది, గూడేనికి కులం ఉంటుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పే టీచర్ని. మా తాత చెప్పులు కుట్టాడు, డప్పు కొట్టాడు. మా అయ్య ఒక ఆసామి దగ్గర పాలేరుతనం చేశాడు. మా అమ్మ ఊడ్పులకీ, కలుపుకీ, కోతలకీ, మినుము పీకడానికీ పోయేది. మా ఇంటి మొత్తంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఈ వ్యాసంలో నేను రాయబోయేది కాలేజీ పేర్ల గురించి. పేరున్న కాలేజీ అంటే ఏమిటి, ఆ పేరు ఎట్లా వచ్చింది, ఎవరిని బయట నిలబెట్టి వచ్చింది అనేది నా ప్రశ్న.

మా చిన్నప్పుడు కొత్త మనిషి కనపడితే ఊళ్ళో వాళ్ళు "ఏమిటోళ్ళు?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు చదువుకున్నవాళ్ళ మధ్య ఆ మాట అడగడం మర్యాద కాదు. అందుకని "మీరు ఎక్కడ చదివారండీ?" అంటారు. పైకి ఎంతో నాగరికమైన ప్రశ్న. కానీ జవాబు విన్న తర్వాత వాళ్ళ కళ్ళు చూడండి. కాలేజీ పేరు చెప్పగానే మన ఇల్లు, మన అయ్య చేసిన పని, మన ఫీజు ఎవరు కట్టారన్నది, అన్నీ లెక్క తేలిపోతాయి. పాత ప్రశ్నకు కొత్త చొక్కా తొడిగారంతే.

ఈ ప్రశ్న చరిత్ర మా జిల్లాలో 1843 నుంచి మొదలవుతుంది. రాబర్ట్ నోబుల్ అనే ఇంగ్లీషు మిషనరీ 1841లో బందరు వచ్చాడు. రెండేళ్ళ తర్వాత బడి పెట్టాడు. అదే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. పెళ్ళి చేసుకోలేదు, స్వదేశానికి తిరిగిపోలేదు, 1865లో బందరులోనే కన్నుమూశాడు. ఆయన కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ బడికి ఒక నియమం ఉండేది. మాల, మాదిగ పిల్లల్ని చేర్చుకోకూడదు. చేపలు పట్టేవాళ్ళను శిష్యులుగా పిలుచుకున్న ఏసు పేరు చెప్పుకుని సముద్రాలు దాటి వచ్చిన మనిషి, బందరులో చెప్పులు కుట్టేవాడి పిల్లవాణ్ణి బెంచీ మీద కూర్చోనివ్వలేదు.

ఎందుకని అడిగితే ఆయన దగ్గర జవాబు ఉంది. ముందు పెద్ద కులాలవాళ్ళకు చదువు చెబితే, వాళ్ళలో మార్పు వస్తే, ఆ చదువూ ఆ మార్పూ నెమ్మదిగా కిందికి దిగుతాయని ఆయన నమ్మకం. ఆ కాలంలో ఇంగ్లీషు దొరతనం చదువు గురించి అనుకున్నదీ ఇదే. 1835లో మెకాలే కూడా మొత్తం జనానికి చదువు చెప్పడం మావల్ల కాదు, ముందు కొద్దిమందిని తయారుచేద్దాం అన్నాడు.

డెల్టాలో పుట్టినవాళ్ళకు ఈ పైనుంచి కిందికి దిగడం సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నోబుల్ బడి నడుస్తున్న రోజుల్లోనే, 1855 నాటికి, బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలవలు తవ్వారు. మెట్ట మాగాణి అయింది. అయితే మాది శివారు. కాలవలో నీళ్ళు వదిలారని పేపర్లో వస్తుంది, మా దాకా రావు. ఎగువనున్నవాళ్ళు తూములు ఎత్తుకుంటారు, బోదెలకు మళ్ళించుకుంటారు. వాళ్ళ చేలు నిండి పొర్లితేనే శివారుకు తడి. నీళ్ళు పల్లానికి పోతాయన్నది నిజమే. మధ్యలో మనుషులున్నారన్నది కూడా నిజమే కదా. చదువు కాలవ కూడా అంతే. ఎగువ వాళ్ళకు తడిసింది. మా దాకా రావడానికి నూరేళ్ళు పట్టింది.

అదే మిషనులో ఇంకో కథ ఉంది. పాత కృష్ణా జిల్లా రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద తనంతట తాను మిషనరీలను వెతుక్కుంటూ వెళ్ళాడు. 1859లో తన వాళ్ళతో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత పల్లెల్లో పాకల కింద చిన్న బడులు లేచాయి. అదే ప్రార్థన పాక, అదే బడి. మన పెద్దవాళ్ళకు మొదటి అక్షరం దొరికింది ఆ పాకల్లో. చరిత్ర పుస్తకం తెరిస్తే బందరు బడికి పేజీలున్నాయి. పాక బళ్ళకు ఒక వాక్యం ఉంటే గొప్ప. ఒకే మిషను, ఒకే దేవుడు, రెండు గుమ్మాలు. పేరు ఒక గుమ్మానికే వచ్చింది.

నోబుల్ కాలేజీ పేరు ఊరికే పెరగలేదు. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు పాఠం చెప్పిన చోటు అది. ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య చదువుకున్న చోటు. విశ్వనాథ సత్యనారాయణ కూడా అక్కడివారే. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, పట్టాభి కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. దొరల చదువు కాదు, మన చదువు కావాలన్నారు. మా మండలపు పింగళి వెంకయ్య గారు అందులో అధ్యాపకుడిగా పనిచేశారు. 1928లో హిందూ కాలేజీ వచ్చింది. ఈ మూడు పేర్లూ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకటి దొర పేరు. ఒకటి జాతి పేరు. ఒకటి మతం పేరు. బందరులో చదువుకు పేరు పెట్టే హక్కు ఎవరెవరికి ఉందో ఆ బోర్డులే చెబుతున్నాయి.

అదే కాలంలో మనవాళ్ళు ఏం పేరు కోసం కొట్లాడారో తెలుసా? కాలేజీ పేరు కోసం కాదు, మనుషులకు పేరు కోసం. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. పూనుకున్నది గుడివాడకు చెందిన గూడూరు రామచంద్రరావు గారు. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ గారు వచ్చారు. పంచములు అనే మాట ఎవరో మనకు అంటించింది, మేము ఈ నేల మొదటి మనుషులం, మమ్మల్ని ఆది ఆంధ్రులు అనండి అన్నారు. ఆ సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర అన్న పేరు ఒప్పుకుంది. ఒక పక్క కాలేజీలకు జాతి పేరు పెట్టుకుంటున్న తరం, ఇంకో పక్క మనిషిగా పిలిపించుకోడానికి సభ పెట్టుకున్న తరం. రెండూ ఒక్క జిల్లాలోనే, ఏడేళ్ళ తేడాతో.

ఆ పెద్ద చదువులకు డబ్బెక్కడిది అనేది ఇంకో ప్రశ్న. ఆనకట్ట తర్వాత డెల్టాలో వరి పండింది. ధాన్యం అమ్మిన డబ్బుతో ఆసాముల పిల్లలు బందరు, మద్రాసు వెళ్ళి చదివారు. ఆ తర్వాత ఆసాములే కాలేజీలు పెట్టారు, విరాళాలిచ్చారు. 1950లో గుడివాడలో కాలేజీ వచ్చింది. సినిమా హీరో అక్కినేని నాగేశ్వరరావు గారు విరాళమిస్తే ఆయన పేరు పెట్టారు. 1953లో విజయవాడలో ఏసు సభ ఫాదర్లు, స్థానికుల విరాళాల తోడుతో లయోలా కాలేజీ పెట్టారు. ఇవన్నీ మంచి పనులే. ఎంతోమంది చదువుకున్నారు. కానీ శిలాఫలకం మీద దాతల పేర్లుంటాయి. ఆ ధాన్యం పండించిన చేతుల పేర్లు ఏ రాయి మీదా ఉండవు. మా మామ్మ వంగి నాటిన నాటు లెక్క ఏ విరాళాల పుస్తకంలో రాశారు?

సరే, తలుపులు తీశారు. ఎట్లా తీశారో కూడా విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. ఎవరి దయ వల్లా కాదు. 1944లో ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లు మొదలయ్యాయి. వాటి వెనక అంబేద్కర్ ఒత్తిడి ఉంది. మద్రాసు రాష్ట్రంలో మెడికల్, ఇంజనీరింగ్ సీట్లు కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవాళ్ళు. ప్రతి 14 సీట్లలో 2 హరిజనులకు. దాని మీద కోర్టుకు వెళితే 1951లో సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేసింది. ఆ ఏడాదే రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 15(4) చేర్చాల్సి వచ్చింది. రాజ్యాంగం అమలుకు వచ్చిన రెండో ఏడే దాన్ని సవరించాల్సి రావడానికి ఒక కారణం కాలేజీ సీటు! సీటు అంటే కుర్చీ మాత్రమే కాదని అప్పుడే తెలిసింది.

ఇక్కణ్ణుంచి తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. సర్కారు కాలేజీల్లోకి, ఎయిడెడ్ కాలేజీల్లోకి మన పిల్లలు స్కాలర్‌షిప్పుతో, హాస్టలు అన్నంతో రావడం మొదలయ్యాక, పేరు అక్కడ నిలవలేదు. 1977లో విజయవాడ పక్కన కానూరులో రాష్ట్రంలోనే మొదటి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. డబ్బు పెట్టి సీటు కొనుక్కునే పద్ధతి రాష్ట్రంలో ఎంత ముదిరిందంటే 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. 1986లో విజయవాడలోనే శ్రీ చైతన్య మొదలైంది. నెల్లూరు నుంచి నారాయణ వచ్చింది. డిగ్రీ కాలేజీ పేరు పోయి ఇంటర్ కాలేజీ పేరు వచ్చింది. ఇంటర్ కాలేజీలోనూ ఏ బ్రాంచి, ఏ సెక్షను అని వచ్చింది. ఆ తర్వాత ఐఐటీ, ఆ తర్వాత అమెరికాలో ఏ యూనివర్సిటీ. ఎవరో కూర్చుని ఇదంతా కుట్ర చేశారని నేను అనను. కానీ మేము గడప తొక్కేసరికి పేరు ఇల్లు మారుతోంది. మనం వెళ్ళాక "ఆ కాలేజీ ఇప్పుడు మునపట్లా లేదండీ" అంటారు. మునపట్లా లేనిది ఏమిటి? పాఠాలా, పంతుళ్ళా, లేక పిల్లలా?

తెరిచిన తలుపులు తెరిచే ఉంటాయనీ అనుకోవద్దు. 2020 డిసెంబరులో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 77 నంబరు జీవో ఇచ్చింది. 2021లో ఎయిడెడ్ కాలేజీల సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకునే ఉత్తర్వులొచ్చినప్పుడు, ఎయిడు పోతే ఫీజులు పెరుగుతాయని విద్యార్థులు రోడ్డెక్కారు. పేరున్న కాలేజీల్లో పేదవాళ్ళు కూర్చోగలిగింది ఆ పేరు గొప్పతనం వల్ల కాదు, ఎయిడు వల్ల.

నా సంగతి రెండు మాటలు. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదివాను. దాని పేరు చెప్పినా మీలో చాలామందికి తెలియదు. రేకుల షెడ్డులో క్లాసులు. వాన వస్తే లెక్చరర్ మాట వినపడేది కాదు. చరిత్రకు ఒక్కడే సారు. ఆయన మాత్రం మమ్మల్ని లైబ్రరీ గదిలో కూర్చోబెట్టి సాయంత్రం దాకా చదివించేవాడు. బీఈడీ అయ్యాక విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంటర్వ్యూకి వెళ్ళాను. మార్కులు చూశారు, బాగున్నాయన్నారు. "డిగ్రీ ఎక్కడమ్మా?" అన్నారు. చెప్పాను. "అదెక్కడ?" అన్నారు. మొవ్వ వైపు అన్నాను. "హాస్టల్లో ఉండేదానివా?" అన్నారు. అంతే, కాగితాలు నా వైపు జరిపారు. మూడు ప్రశ్నల్లో వాళ్ళు మా గూడెం దాకా వచ్చేశారు. కులం అన్న మాట ఒక్కసారి కూడా ఎవరి నోటా రాలేదు. తర్వాత డీఎస్సీ రాశాను. డీఎస్సీ పేపరుకు నా కాలేజీ పేరు అక్కర్లేదు. అందుకే నాకు ఉద్యోగం వచ్చింది. సర్కారు పరీక్షకున్న విలువ ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

మరి పేరున్న చోట చదివితే ఆ ప్రశ్న ఆగిపోతుందా? బాబాసాహెబు జీవితం చూడండి. ముంబైలో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ, అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్. ఇంతకు మించిన పేర్లు ఆ కాలంలో ఏమున్నాయి? 1917లో బరోడా కొలువుకు వస్తే ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో దిగితే కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. 1918లో సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరితే, తోటి ప్రొఫెసర్లు తాము తాగే కుండలో నీళ్ళు ఆయన తాగకూడదన్నారు. కొలంబియా పేరు ఆ కుండ దాకా కూడా రాలేదు.

అది పాత కాలం అంటారా? 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. మన పక్క గుంటూరు జిల్లా బిడ్డ. ఆ యూనివర్సిటీ పేరు చిన్నదా? హాస్టల్ నుంచి వెలి వేసినప్పుడు ఆ పేరు అతనికి గొడుగు పట్టలేదు. చనిపోయిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి అతనిది ఏ కులం అన్న మీదే వాదులాడారు. చూశారా, చివరికి మళ్ళీ "ఏమిటోళ్ళు?" దగ్గరికే వచ్చారు.

అయితే పేరు మనకు అక్కర్లేదా? ఇది తేలిగ్గా చెప్పే మాట కాదు. మా తమ్ముడు ఆటో నడుపుతాడు. వాడి కొడుకు, నా మేనల్లుడు, పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. గురుకులంలో ఇంటర్ సీటు వచ్చింది. తమ్ముడు మాత్రం మా అమ్మ పేరున ఉన్న ఇంటి స్థలం అమ్మి, విజయవాడలో పేరున్న కాలేజీలో వేస్తానన్నాడు. ఆ స్థలం పట్టా కోసం మా అమ్మ ఎన్నేళ్ళు తిరిగిందో మాకు తెలుసు. వద్దురా అన్నాను. వాడు నన్ను ఒక మాట అడిగాడు. "అక్కా, నువ్వు పేరు లేని కాలేజీలో చదివావు. టీచరయ్యావు. అయినా నిన్ను ఎక్కడ చదివావని అడిగి ఇంటికి పంపించారు. నా కొడుకుని ఎవడూ ఆ మాట అడగకూడదు. అది కొనుక్కోవాలంటే స్థలం పోతే పోనీ." ఆ మాటకు విలువ కట్టడం ఎవరి తరం? వాడు కొనాలనుకున్నది ర్యాంకు కాదు. కొడుకు తల దించుకోకుండా ఉండటం.

నేను వాడికి చరిత్రే చెప్పాను. నూట ఎనభై ఏళ్ళ నుంచి ఈ పేరు ఎట్లా చేతులు మారిందో, మనం కొనేలోపు ఎట్లా ధర పెరుగుతుందో చెప్పాను. స్థలం అమ్మితే రెండేళ్ళు చదువుతాడు, ఆ తర్వాత ఇంకో పేరు కొనాలి, అప్పుడు అమ్మడానికి ఏముంటుంది అన్నాను. రెండు రాత్రులు మాట్లాడుకున్నాం. మేనల్లుడు కూడా కూర్చున్నాడు. ఆఖరికి వాడే "గురుకులానికే పోతాను, అక్కడ సీనియర్లు మనోళ్ళే" అన్నాడు. వాడి ఫలితం ఏమవుతుందో నేను జోస్యం చెప్పను. స్థలం మాత్రం అమ్మ పేరునే ఉంది. తమ్ముడికి ఇప్పటికీ మనసులో ముల్లు ఉంది. అది నేను తీసేయగలిగింది కాదు.

అంబేద్కర్ పేరున్న కాలేజీల్లో చదివి అక్కడితో ఆగలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు. 1946లో ముంబైలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాదులో మిళింద కాలేజీ. దొర పేరు పెట్టలేదు, జమీందారు పేరు పెట్టలేదు, తన పేరూ పెట్టుకోలేదు. ఒకటి జ్ఞానం వెతుక్కుంటూ ఇల్లు విడిచినవాడి పేరు, ఇంకొకటి సందేహాలు వదలకుండా అడిగిన రాజు పేరు. ఎవరు వచ్చినా కూర్చోవచ్చు అన్న చోటికి అట్లాంటి పేర్లు పెట్టాడు.

కార్యకర్తలకూ విద్యార్థులకూ నా మనవి ఇది. పేరున్న చోట్లకు వెళ్ళండి. మన వాటా వదలొద్దు. ఐఐటీ సీటు కూడా మన అమ్మల చెమటతో కట్టిన పన్నుల మీదే నడుస్తోంది. కానీ వెళ్ళలేనివాళ్ళు చదివే సర్కారు కాలేజీకి లెక్చరర్లు లేకపోతే, హాస్టలుకు నీళ్ళు లేకపోతే, దాని కోసం కూడా ధర్నా చేయండి. మనలో ఎక్కువమంది అక్కడే ఉన్నారు.

ఇంకో పని కూడా ఉంది. మా తొమ్మిదో తరగతి పిల్లల చేత నేను ఒక నోటుపుస్తకం రాయిస్తున్నాను. వాళ్ళ ఇంట్లో మొదట పది పాసైంది ఎవరు, ఏ బళ్ళో, ఏ హాస్టల్లో, పుస్తకాలు ఎవరు కొనిచ్చారు, మధ్యలో మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు. కోతల రోజుల్లో మానేసిన అత్తలున్నారు. ఒక జత బట్టలు లేక మానేసిన బాబాయిలున్నారు. పాక బళ్ళో అఆలు నేర్చుకుని, బైబిలు చదవడం దగ్గర ఆగిపోయిన తాతలున్నారు. నోబుల్ కాలేజీలో ఎవరు చదివారో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఎవరు చదవలేదో చెప్పే పుస్తకం మా పిల్లలు రాస్తున్నారు. మీ పల్లెలో, మీ గూడెంలో కూడా ఈ పని మొదలుపెట్టండి. పెద్దవాళ్ళు పోతున్నారు. వాళ్ళుండగానే అడగండి.